మొదటి ఎన్‌సీసీ క్యాంపుకు ఎలా సిద్ధం కావాలి: యూనిఫాం దగ్గర్నుంచి బడాఖానా దాకా

ఎన్‌సీసీలో చేరిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఏదో ఒక రోజు ప్రేయర్ అయ్యాక కబురు వస్తుంది: పది రోజుల క్యాంపు ఉంది, వెళ్లేవాళ్లు పేర్లివ్వండి అని. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో టెన్షన్ మొదలు. అమ్మకేమో తిండి, నిద్ర గురించి. పిల్లలకేమో యూనిఫాం గురించి. బడి యూనిఫాంలో గుండీ ఊడినా, సాక్సుల రంగు మారినా సారు ఒక మాట అని వదిలేస్తారు. క్యాంపులో అలా కుదరదని సీనియర్లు అప్పటికే భయపెట్టి ఉంటారు.

మా హైస్కూల్లో ఎన్‌సీసీ చూసే టీచర్‌ని నేను. మమ్మల్ని ఏఎన్‌వో అంటారు. ఏటా పిల్లల్ని క్యాంపుకు తీసుకెళ్తాను కాబట్టి, అక్కడ ఎవరు తొందరగా కుదురుకుంటారో, ఎవరు ఇబ్బంది పడతారో దగ్గర్నుంచి చూస్తుంటాను. తన యూనిఫాం తానే ఉతుక్కుని, తానే గుండీ కుట్టుకుని, తన బూట్లు తానే తుడుచుకునే అలవాటు ఇంటి నుంచి తెచ్చుకున్న పిల్లలు రెండో రోజుకే సర్దుకుంటారు. ఆ తర్వాత పక్కవాళ్లకు సాయం చేస్తూ కనిపిస్తారు. క్యాంపులో నేర్పే నాయకత్వం అక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. అందుకే ఇక్కడ బట్టల సంగతే ఎక్కువ చెప్తాను. పిల్లలూ, ఇది ముందుగా మీకు. అమ్మానాన్నలకు చెప్పాల్సింది మధ్యలో వస్తుంది.

ముందు ఏ క్యాంపో, ఏ బట్టలో కనుక్కోండి

బడి పిల్లలు మొదట వెళ్లేది సాధారణంగా వార్షిక శిక్షణ క్యాంపుకే. దాన్ని సీఏటీసీ అంటారు. పది రోజులు ఉంటుంది. ఏదో కాలేజీలోనో, పెద్ద బడి ఆవరణలోనో పెడతారు. చుట్టుపక్కల బళ్లు, కాలేజీల నుంచి నాలుగైదు వందల మంది వస్తారు. జిల్లా పరిషత్ పిల్లలు, గురుకులాల పిల్లలు, ప్రైవేటు బడి పిల్లలు అందరూ ఒకే వరసలో నిలబడతారు. మన రెండు రాష్ట్రాల ఎన్‌సీసీ డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లో ఉంది. దాని కింద గ్రూపులు, గ్రూపుల కింద బెటాలియన్లు. మీ బడి ఏ బెటాలియన్ కిందికి వస్తుందో, దాని నంబరు ఎంతో నోటికి వచ్చి ఉండాలి. వెళ్లగానే అడిగే మొదటి ప్రశ్న అదే.

బడిలో ఎక్కువ మందికి ఉండేది ఆర్మీ వింగ్ కాబట్టి ఖాకీ సంగతే ఇక్కడ చెప్తున్నాను. విశాఖ, కాకినాడ వైపు నేవల్ వింగ్‌లో ఉన్న పిల్లలకు తెల్ల యూనిఫాం ఉంటుంది. మీకు కష్టం రెండింతలు. మట్టి నేల మీద ఎక్కడా కూర్చోవద్దు, మెస్‌లో పప్పు వడ్డించుకునేటప్పుడు కాస్త దూరంగా నిలబడండి. అంతకుమించి వేరే కిటుకు లేదు.

బట్టల జాబితా మీ ఏఎన్‌వో ఇస్తారు. అందులో యూనిఫాం కాకుండా పీటీ డ్రెస్, కాన్వాస్ బూట్లు, మామూలు బట్టలు విడిగా రాసి ఉంటాయి. పీటీ డ్రెస్ అంటే బడిలో శనివారం వేసుకునే తెల్ల డ్రెస్సే చాలా చోట్ల సరిపోతుంది. కొత్తది కొనేముందు ఒకసారి అడగండి.

యూనిఫాం నెల ముందే వేసి చూసుకోండి

ఇది చాలా మంది చేయరు. పదమూడు, పద్నాలుగేళ్ల వయసులో ఆరు నెలలకే ప్యాంటు చీలమండ పైకి వస్తుంది. ఆగస్టులో కుట్టించింది డిసెంబర్ క్యాంపుకు పట్టదు. అందుకని నెల ముందు ఒక సాయంత్రం మొత్తం యూనిఫాం వేసుకుని, బెల్టు పెట్టుకుని, బూట్లు కూడా తొడుక్కుని అద్దం ముందు నిలబడండి. చేతులు పైకెత్తి చూడండి, గొంతుక్కూర్చుని లేవండి. చొక్కా బెల్టులోంచి బయటికి వస్తే అది పొట్టి. కూర్చున్నప్పుడు తొడ దగ్గర పట్టేస్తే వదులు చేయించాలి. కొత్తగా కుట్టించేవాళ్లు టైలర్‌కు ప్యాంటు అడుగున, నడుము దగ్గర లోపలి మడత ఎక్కువ వదలమని చెప్పండి. వచ్చే ఏడాది విప్పి పొడుగు చేసుకోవచ్చు.

ఫిటింగ్ పేరుతో సినిమా పోలీసులా బిగుతుగా కుట్టించుకోవద్దు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా డ్రిల్‌లో అదే ప్యాంటుతో మోకాళ్లెత్తి కాలు కొట్టాలి. కుట్టు పిగిలేది సరిగ్గా అప్పుడే.

అమ్మానాన్నలకు ఇక్కడ ఒక మాట. యూనిఫాం కోసం అప్పు చేయాల్సిన పని లేదు. యూనిఫాం అలవెన్సు ఇప్పుడు నేరుగా పిల్లల బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి వచ్చింది. అందుకే పిల్లల పేరు మీద ఖాతా, ఆధార్ అనుసంధానం సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. పాసుపుస్తకంలో పేరు ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే డబ్బు ఆగిపోతుంది. ఈలోపు ఇబ్బందిగా ఉంటే ఏఎన్‌వోను విడిగా కలిసి చెప్పండి. కోర్సు పూర్తయిన పిల్లల యూనిఫాంలు ఎన్‌సీసీ ఉన్న ప్రతి బడిలో ఎవరో ఒకరి ఇంట్లో ఉంటాయి. అడిగితే సంతోషంగా ఇస్తారు. నాలుగు ఉతుకులు పడిన ఖాకీ ఒంటికి హాయిగా ఉంటుంది కూడా. పాత యూనిఫాం వేసుకుందని ఏ పిల్లకూ ఇన్‌స్పెక్షన్‌లో తక్కువ మార్కులు పడగా నేను చూడలేదు. మాసిన కొత్త యూనిఫాంకు మాత్రం పడతాయి.

బూట్లతోనే అసలు పేచీ

క్యాంపులో ఫస్ట్ ఎయిడ్ గది ముందు క్యూ కట్టేవాళ్లలో ఎక్కువ మంది జ్వరంతో రారు, కాళ్ల బొబ్బలతో వస్తారు. కారణం ఒక్కటే: బయల్దేరే ముందు రోజు కొన్న బూట్లు. తోలు బూటు కాలికి అలవాటు పడటానికి రెండు వారాలైనా కావాలి. రోజూ సాయంత్రం గంటసేపు ఇంట్లో, వాకిట్లో వేసుకుని తిరగండి. సాక్సులతోనే తిరగండి, వట్టి కాలితో కాదు. మడమ దగ్గర గట్టిగా ఉన్న చోట లోపలి వైపు కొంచెం కొబ్బరి నూనె రాసి వేళ్లతో నొక్కితే మెత్తబడుతుంది.

సాక్సులు మూడు నాలుగు జతలు పెట్టుకోండి. తడి సాక్సు వేసుకుని డ్రిల్‌కు వెళ్లడమంటే బొబ్బను పిలిచి తెచ్చుకోవడమే. ఒకవేళ బొబ్బ వచ్చిందే అనుకోండి, గిల్లకండి, పొడవకండి. శుభ్రంగా కడిగి, పైన బ్యాండేజీ వేయించుకుని, నొప్పి ఎక్కువైతే పీఐ స్టాఫ్‌కు చెప్పండి. పీఐ స్టాఫ్ అంటే ఆర్మీ నుంచి వచ్చిన శిక్షకులు. వాళ్లు తిడతారని కుంటుతూ దాచుకునే పిల్లలు మూడో రోజుకు నడవలేని స్థితికి వస్తారు. చెబితే ఒక పూట కూర్చోబెడతారు, అంతే.

పాలిష్ సంగతి: ముందు బ్రష్‌తో దుమ్ము దులపాలి. తర్వాత గుడ్డ చూపుడు వేలికి చుట్టుకుని, పాలిష్ చాలా కొద్దిగా తీసుకుని, చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు రాయాలి. ఒక్క నీటి చుక్క వేసి మళ్లీ అలాగే. ముందు మసకబారినట్టుంటుంది, కంగారు పడకండి. అలాగే రాస్తూ పోతే బూటు ముక్కు మీద ట్యూబ్‌లైటు గీత కనిపించడం మొదలవుతుంది. మొదటిసారి అరగంట పడుతుంది. క్యాంపుకు వెళ్లేలోపు నాలుగైదు సార్లు చేస్తే అక్కడ రోజూ ఐదు నిమిషాల పని. ఇది నాన్నతో చేయించుకోకండి.

బెరెట్, బెల్టు, మిగతా చిన్నవి

బెరెట్ అంటే యూనిఫాంతో పెట్టుకునే గుండ్రటి గుడ్డ టోపీ. కొత్తది తల మీద గొడుగులా నిలబడి ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండకుండా చేతుల మధ్య అదిమి నీరు తీసేసి, తడిగా ఉండగానే తలకు పెట్టుకోండి. బ్యాడ్జి ఎడమ కంటి పైకి రావాలి, పట్టీ నుదురు చుట్టూ సమంగా, నేలకు అడ్డంగా ఉండాలి. మిగిలిన గుడ్డను కుడి వైపుకు లాగి చెవి మీదికి అరచేత్తో నొక్కండి. అలా ఓ అరగంట పెట్టుకుని ఉండి, తర్వాత ఆకారం చెడకుండా గుండ్రటి గిన్నె మీద బోర్లించి నీడలో ఆరబెట్టండి. రెండుసార్లు చేస్తే తలకు అతుక్కున్నట్టు కూర్చుంటుంది. వెనక ముడి తాళ్లు బయటికి వేలాడకూడదు, లోపలికి దోపేయండి. బ్యాడ్జి వెనక నిలబెట్టే హాకిల్‌ను, అంటే రంగు కుచ్చును మాత్రం ప్రయాణంలో ఊడదీసి చిన్న డబ్బాలో పెట్టుకోండి. నలిగితే మళ్లీ నిలబడదు.

బెల్టు కట్టుకున్నాక చొక్కా గుండీల వరస, బెల్టు బకిల్, ప్యాంటు జిప్పు మూడూ ఒకే గీతలో ఉండాలి. ఇన్‌స్పెక్షన్ చేసే సుబేదార్ సాబ్ కళ్లు ముందు అక్కడికే వెళ్తాయి. ఇత్తడి బకిల్‌ను బ్రాస్సోతో, అంటే ఇత్తడి పాలిష్‌తో తోమేటప్పుడు బెల్టు గుడ్డ నుంచి విడదీసి తోమండి, లేకపోతే గుడ్డ మీద తెల్ల మరకలు పడి పోవు. లాన్యార్డ్ (భుజానికి వేసుకునే అల్లిన తాడు), భుజం మీది పట్టీలు, నేమ్ ప్లేట్ ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో మీ ఏఎన్‌వో వేసి చూపిస్తారు. యూట్యూబ్ చూసి పెట్టుకోవద్దు, యూనిట్‌ను బట్టి తేడాలుంటాయి.

ఇంకొకటి, కచ్చితంగా గుర్తుంచుకోవాల్సింది. యూనిఫాం వేసుకుంటే పూర్తిగా వేసుకోవాలి, లేకపోతే అసలు వేసుకోకూడదు. జీన్సు మీద బెరెట్ పెట్టుకుని ఫొటో దిగడం, బస్టాండులో చొక్కా బయటికి లాగేసి పానీపూరీ తినడం, చెప్పులతో ఖాకీ ప్యాంటు వేసుకుని ఊళ్లో తిరగడం చేయకూడదు. ప్రయాణంలో ఏం వేసుకోవాలో ముందే చెప్తారు. చాలాసార్లు బడి యూనిఫాంలోనే రమ్మంటారు.

ప్రతి దాని మీదా పేరు

ఆరేసిన తాడు మీద వంద ఖాకీ చొక్కాలు ఒక్కలాగే ఉంటాయి. సాయంత్రం వెళ్లేసరికి మీది ఎవరో తీసుకుపోయి ఉంటారు. దొంగతనం కాదు, గుర్తుపట్టలేక. చొక్కా కాలర్ లోపల, ప్యాంటు నడుము పట్టీ లోపల, సాక్సుల పై అంచున, బెరెట్ లోపల, బకెట్ అడుగున, కంచం వెనక మీ పేరు, రెజిమెంటల్ నంబర్ (ఎన్‌సీసీలో మీకిచ్చిన నంబరు) చివరి నాలుగు అంకెలు ఉండాలి. పర్మనెంట్ మార్కర్ రెండు మూడు ఉతుకులకు వెలిసిపోతుంది. తెల్లదారంతో సూదితో కుడితే ఏడాదంతా ఉంటుంది. ఈ పని కూడా మీరే చేయండి. గుండీ కుట్టడం రాని పిల్లలకు సూది అలవాటయ్యే మొదటి పాఠం ఇదే అవుతుంది.

జుట్టు, గోళ్లు, ఆడపిల్లల జాగ్రత్తలు

మగపిల్లలకు జుట్టు పొట్టిగా ఉండాలి. బయల్దేరే రెండు రోజుల ముందు కటింగ్ చేయించుకోండి. ఆడపిల్లలు జుట్టును ముడి వేసి నల్ల నెట్ పెట్టి, విడి వెంట్రుకల్ని నల్ల పిన్నులతో బిగించాలి. జుట్టు పొట్టిగా ఉంటే రెండు జడలు మడిచి కట్టొచ్చు. ముడి మరీ పైకి పెడితే బెరెట్ కూర్చోదు. మెడ దగ్గరికి దించి వేసుకోవడం ఇంట్లో ప్రాక్టీస్ చేయండి, ఎందుకంటే తెల్లవారుజామున అద్దం ఉండదు, లైటు కూడా అంతంతే. గాజులు, గొలుసులు, కాలిపట్టీలు ఇంట్లో వదిలేసి రండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ క్యాంపు తర్వాత.

నెలసరి డేట్ క్యాంపులో పడుతుందేమోనని చాలా మంది ఆడపిల్లలు క్యాంపే మానేస్తారు. మానకండి. పడినా పడకపోయినా ప్యాడ్‌లు పది రోజులకు సరిపడా, ముదురు రంగు లోదుస్తులు, పాత పేపర్లు, ఒక జిప్ కవరు బ్యాగులో పెట్టుకోండి. ఆ రోజు కడుపునొప్పిగా ఉంటే అక్కడ ఉండే మహిళా ఏఎన్‌వోకో, జీసీఐ మేడమ్‌కో చెప్పండి. గర్ల్ క్యాడెట్ల శిక్షణ చూసే మేడమ్‌లే జీసీఐలు. పరుగు, అడ్డంకుల కోర్సు నుంచి ఆ పూటకు తప్పిస్తారు. ఈ మాట చెప్పడానికి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. దేశంలో 1949 నుంచే ఎన్‌సీసీలో ఆడపిల్లలున్నారు. మీరు మొదటివారు కారు.

బ్యాగు సర్దడం

కాగితాలు ముందు: అమ్మానాన్న సంతకం చేసిన అంగీకార పత్రం, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఆధార్ జిరాక్స్, పాస్‌పోర్టు ఫొటోలు, బ్యాంకు పాసుపుస్తకం మొదటి పేజీ జిరాక్స్. అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో. ఆస్తమా, ఫిట్స్, ఏదైనా ఎలర్జీ ఉంటే దాచొద్దు. ఫారంలో రాయండి, ఏఎన్‌వోకు నోటితో కూడా చెప్పండి. రోజూ వేసుకునే మందులు చీటీతో సహా పెట్టుకోండి.

పడుకోవడానికి దుప్పటి, పలచటి బొంత, దోమతెర, దాన్ని కట్టడానికి నాలుగు తాళ్లు. తాళ్లు మర్చిపోయి దోమతెరను దుప్పటిలా కప్పుకుని పడుకునే పిల్లలు ప్రతి క్యాంపులో ఉంటారు. బకెట్, మగ్గు, కంచం, గ్లాసు, చెంచా, టార్చి, బ్యాగుకు తాళం, తాళంచెవి మెడలోకి ఒక దారం. బట్టలారేసుకోవడానికి ఐదారు గజాల నైలాన్ తాడు, క్లిప్పులు. సూది, ఖాకీ దారం, తెల్లదారం, నాలుగు అదనపు గుండీలు, పిన్నీసులు. లోదుస్తులు మాత్రం ఐదారు జతలు ఉండాలి, వాన పడితే ఆరవు.

చేగోడీలు, సున్నుండలు డబ్బాలకొద్దీ సర్దే అమ్మలకు నా విన్నపం: బయటి తిండి చాలా క్యాంపుల్లో ఒప్పుకోరు, ఒప్పుకున్నా రెండో రోజుకు గదంతా చీమలు పడతాయి. పిల్లలకు అక్కడ కడుపు నిండా పెడతారు. ఫోను కూడా తీసుకుని దాచి పెడతారు లేదా అసలు తేవద్దంటారు. సాయంత్రాలు ఏఎన్‌వో ఫోను నుంచి మాట్లాడిస్తారు. మీ నంబరు పిల్లలకు నోటికి వచ్చేలా చూడండి. చాలా మందికి రాదు.

బ్యాగు పిల్లలే సర్దుకోవాలి. మీరు సర్దితే అక్కడ సాక్సులు ఏ జేబులో ఉన్నాయో వాళ్లకు తెలియదు. చీకట్లో బ్యాగు మొత్తం బోర్లించుకుంటారు.

మొదటి మూడు రోజులు

తెల్లవారుజామున ఐదు గంటల ప్రాంతంలో విజిల్ పడుతుంది. మగ్గులో చాయ్, రెండు బిస్కెట్లు, వెంటనే పీటీకి ఫాలిన్, అంటే వరసలో నిలబడటం. తర్వాత స్నానం, టిఫిన్, యూనిఫాం వేసుకుని మళ్లీ ఫాలిన్. డ్రిల్, ఆయుధ శిక్షణ, మ్యాప్ రీడింగ్, ఫస్ట్ ఎయిడ్ క్లాసులు. ఫైర్, ట్రాఫిక్ వాళ్లు వచ్చి చెప్పే పాఠాలు. సాయంత్రం ఆటలు, రాత్రి గిన్తీ, అంటే తలల లెక్క. తర్వాత లైట్లు బంద్. మొదటి రోజు ఇది మోయలేనంత అనిపిస్తుంది. రెండో రాత్రి చాలా మంది ఏడుస్తారు. ఏడవండి, తప్పు లేదు. కానీ ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసి వచ్చేస్తానని చెప్పకండి. నాలుగో రోజు దాకా ఆగండి. అప్పటికి మీకు పేరుపెట్టి పిలిచే నలుగురు ఉంటారు.

ఆదేశాలన్నీ హిందీలో ఉంటాయి. సావధాన్, విశ్రామ్, దాహినే ముడ్, బాయే ముడ్, పీఛే ముడ్, తేజ్ చల్, థమ్. వీటిని ఇంట్లోనే పది రోజులు ప్రాక్టీస్ చేసి వెళ్లండి. శిక్షకులు పంజాబ్ వాళ్లో, రాజస్థాన్ వాళ్లో కావచ్చు. మిగతా హిందీ రాకపోయినా ఫర్వాలేదు. అర్థం కాకపోతే 'సమఝ్ నహీ ఆయా శ్రీమాన్' అని చెప్పండి. ఆ ఒక్క వాక్యంతో చాలా పనులు అవుతాయి. ఎవరు ఎదురైనా 'జై హింద్ సర్', 'జై హింద్ మేడమ్'.

పరేడ్‌లో కళ్లు తిరిగి పడిపోవడం గురించి భయపడుతుంటారు. కదలకుండా నిలబడినప్పుడు రక్తం కాళ్లలోకి దిగిపోయి మెదడుకు తగ్గడం వల్ల అలా అవుతుంది. టిఫిన్ మానొద్దు. ఫాలిన్‌కు ముందు గ్లాసెడు నీళ్లు తాగండి. నిలబడినప్పుడు మోకాళ్లు వెనక్కి బిగబట్టకండి. బూటు లోపల కాలివేళ్లు ఆడిస్తూ ఉండండి, బయటికి కనిపించదు. అయినా కళ్లు చీకట్లు కమ్మితే పడిపోయేదాకా ఆగకుండా అక్కడే కూర్చోండి. ఎవరూ ఏమీ అనరు.

అక్కడ యూనిఫాం నిలబెట్టుకోవడం

రెండు జతలుంటే రోజు మార్చి రోజు ఉతకండి. ఒక్కటే జత ఉంటే మధ్యాహ్నం యూనిఫాం విప్పగానే కాలర్, చంకలు, ప్యాంటు అడుగు మాత్రం సబ్బు పెట్టి రుద్ది జాడించి ఆరేయండి. పూర్తిగా ఉతకడం ఎండ బాగా ఉన్న రోజున పెట్టుకోండి. పొద్దున ఉతికి తడిది వేసుకోకండి.

ఇస్త్రీకి ఇంట్లోలా ప్లగ్గు దొరకదు. కొంచెం చెమ్మ ఉండగానే చొక్కాను, ప్యాంటును గీతల ప్రకారం మడిచి, రెండు పేపర్ల మధ్య పెట్టి బొంత కింద పరిచి పడుకోండి. తెల్లారేసరికి గీత కత్తిలా వస్తుంది. ఇంటి నుంచి వచ్చేటప్పుడు గంజి పెట్టి ఇస్త్రీ చేయించి ఉంటే ఈ మడత ఇంకా బాగా నిలుస్తుంది. ఆ మంచి జతను ఓపెనింగ్, క్లోజింగ్ పరేడ్‌లకు, గార్డ్ ఆఫ్ ఆనర్ (వచ్చిన అధికారికి గౌరవ వందనం చేసే జట్టు) ఎంపికకు దాచుకోండి.

మీ ఒంటితోపాటు మీ గదినీ చూస్తారు. లైన్స్ ఇన్‌స్పెక్షన్ అంటే అదే. దుప్పట్లు ఒకే కొలతలో మడిచి ఉండాలి, బూట్లు ఒకే గీత మీద, బకెట్లు ఒకే వైపు. క్యాంపులో పిల్లల్ని విడదీసే జట్లను కంపెనీలంటారు. తాడు పట్టుకుని గీత చూసుకుంటూ సర్దే కంపెనీలకు మార్కులు ఎక్కువ పడతాయి.

నాయకత్వం ఎక్కడ దొరుకుతుంది

ఎన్‌సీసీ నినాదం ఏకతా ఔర్ అనుశాసన్, ఐకమత్యం, క్రమశిక్షణ. క్రమశిక్షణను విజిల్ నేర్పుతుంది. ఐకమత్యాన్ని మాత్రం మీరే వెతుక్కోవాలి.

ఒక క్యాంపులో గార్డ్ ఆఫ్ ఆనర్ ఎంపిక జరుగుతోంది. బ్రావో కంపెనీ అమ్మాయి వరసలో నిలబడబోతుంటే చొక్కా జేబు గుండీ తెగి పడింది. పక్కనే ఆల్ఫా కంపెనీ అమ్మాయి, అదే స్థానానికి పోటీ పడుతున్నది. బెరెట్ లోపలి పట్టీలో ముందే దారం ఎక్కించి గుచ్చిపెట్టుకున్న సూదిని తీసి, ఆ అమ్మాయి నిలబడి ఉండగానే నాలుగు కుట్లు వేసి, పళ్లతో దారం తెంపి, తన వరసలోకి వెళ్లిపోయింది. ఎంపికైంది బ్రావో అమ్మాయే. కుట్టిన పిల్ల ఏమీ అనుకోలేదు. మర్నాడు ఆల్ఫా కంపెనీ సీనియర్‌గా ఆమె పేరే పెట్టారు. సుబేదార్ సాబ్ అంతా చూశారని మాకు తర్వాత తెలిసింది. సూది బెరెట్‌లో పెట్టుకోమని నేను పిల్లలకు చెప్పను, గుచ్చుకుంటుంది. చిన్న అట్టముక్కకు గుచ్చి జేబులో పెట్టుకోండి.

స్క్వాడ్‌కు, అంటే డ్రిల్ చేసే చిన్న జట్టుకు ఆదేశం ఇవ్వమని ఎవరైనా అడిగితే వెనక్కి తగ్గకండి. గొంతు చిన్నదైనా పర్లేదు, కడుపులోంచి మాట రావాలి. ఆదేశంలో మొదటి మాట సాగదీసి, చివరి మాట టక్కున కొట్టండి: 'పీఛే... ముడ్'. నడిచే స్క్వాడ్‌కైతే సరైన అడుగు నేలను తాకినప్పుడే చివరి మాట పడాలి. ఏ అడుగో శిక్షకులు చూపిస్తారు. తప్పు అడుగు మీద ఇస్తే సగం మంది అటు, సగం మంది ఇటు తిరుగుతారు. అలా అయినప్పుడు నవ్వకండి, బిక్కముఖం వేయకండి. 'థమ్' అని ఆపి, మళ్లీ వరస సరి చేసి, మళ్లీ ఇవ్వండి. రెండోసారి అందరూ మీ గొంతు వింటారు.

ఆదేశాలివ్వడం అందరికీ దక్కదు. కానీ మెస్‌లో వడ్డించే వంతు, నీళ్లు మోసే వంతు, రాత్రి సెంట్రీ (కాపలా) డ్యూటీ అందరికీ వస్తాయి. వడ్డించేవాళ్లు తమ కంపెనీ వాళ్లకు కూర ఎక్కువ వేస్తే ఆ పేరు క్యాంపంతా పాకుతుంది. సమంగా వేసినా పాకుతుంది.

ఫైరింగ్ రోజు

.22 రైఫిల్ పట్టుకోవడం కోసమే ఎన్‌సీసీలో చేరిన పిల్లలు చాలా మంది ఉంటారు. ఇక్కడ జోకులు ఉండవు. రేంజ్ మీద శిక్షకుడి మాట లేకుండా రైఫిల్ ముట్టుకోకూడదు. రైఫిల్ మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. చెప్పేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లకూడదు. గుండు పేలకపోతే లేచి నిలబడకుండా చెయ్యి ఎత్తండి. బోర్లా పడుకుని కాల్చాలి కాబట్టి ఆ రోజు మోచేతులు గీరుకుంటాయి, యూనిఫాం ముందు భాగమంతా మట్టే. మంచి జత వేసుకోవద్దు. ఊపిరి సగం వదిలి ఆపి, ట్రిగ్గర్‌ను లాగకుండా మెల్లగా నొక్కుతూ పోతే గుండ్లు ఒక చోట పడతాయి. అన్నీ ఒక చోట పడటమే గొప్ప, మధ్యలో పడకపోయినా సరే.

బడాఖానా, తిరుగు ప్రయాణం

చివరి రాత్రి బడాఖానా, అందరూ కలిసి తినే పెద్ద భోజనం, పాటలు, నాటికలు. అధికారులు కూడా పిల్లలతో కూర్చుంటారు. ఆ రాత్రి ఎవరికీ నిద్ర పట్టదు. కానీ బ్యాగు ముందే సర్దేసుకోండి, పొద్దున్నే గందరగోళంలో బెల్టులు మారిపోతాయి. స్టోర్ నుంచి తీసుకున్నవి ఏమైనా ఉంటే లెక్క చూసి అప్పగించి, మీ పేరు ముందు సంతకం పెట్టించుకోండి.

ఇంటికొచ్చిన రోజే యూనిఫాం ఉతికించకండి, మీరే ఉతకండి. పూర్తిగా ఆరాక గంజి లేకుండా మడిచి పెట్టండి, గంజితో బీరువాలో ఉంచితే పురుగు పడుతుంది. బకిల్ తుడిచి పేపర్లో చుట్టండి. బూట్లలో నలిపిన పేపర్లు దూర్చి పెట్టండి.

క్యాంపు సర్టిఫికెట్‌లో మీ పేరు, పుట్టిన తేదీ, రెజిమెంటల్ నంబర్ ఒక్కో అక్షరం సరిచూడండి. తప్పుంటే ఆ వారంలోనే ఏఎన్‌వోకు చెప్పండి, ఏడాది తర్వాత దిద్దించడం చాలా కష్టం. బడి పిల్లలకు ఎన్‌సీసీ ఇచ్చే 'ఏ' సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవాలంటే హాజరుతోపాటు ఈ క్యాంపు కూడా లెక్కకు వస్తుంది. ఢిల్లీలో జరిగే తల్ సైనిక్ క్యాంపుకో (ఆర్మీ వింగ్ పిల్లల జాతీయ క్యాంపు), రిపబ్లిక్ డే క్యాంపుకో వెళ్లాలని ఉంటే ఆ మాట ఇప్పుడే మీ ఏఎన్‌వో చెవిన వేయండి. వాటి ఎంపికలు నెలల ముందే మొదలవుతాయి. సర్టిఫికెట్ రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బడిలో ఇచ్చి, ఒకటి పదో తరగతి కాగితాలు పెట్టే ఫైల్లోనే పెట్టండి.